ఒకే ఫ్రీజర్‌లో బల్ల రసం, బీరు

వేడికి ఒక హద్దూ చలికి ఒక హద్దూ నియమించి, ఆ రెండింటి నడుమ మనిషిని బతకనిస్తున్న దేవునికి స్తోత్రం. మాట నా నోటికి రాకముందే దాన్ని ఎరిగినవాడు ఆయన. నేనిక్కడ రాయబోయేవి ఎక్కువగా కోపపు మాటలే. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. అయినా నన్ను రాయనిచ్చాడు. ఘనత ఆయనకే.

మా తెలుగు సంఘంలో ప్రభువు బల్లకు, అంటే క్రీస్తు చివరి భోజనాన్ని తలచుకుని అందరం పుచ్చుకునే సంస్కారానికి, ద్రాక్ష రసం కాచే సేవ పద్దెనిమిదేళ్లుగా నాది. నాకు పాట రాదు, ప్రసంగం రాదు. పదిమందిలో లేచి ప్రార్థన చేయమంటే గొంతు వణుకుతుంది. నా వంతుగా దేవుడు నాకిచ్చింది ఆ గిన్నె ఒక్కటే. కిందటేడు అది నా చేతుల్లోంచి జారిపోయే రోజు వచ్చింది.

ఉద్యోగాల కోసం వచ్చిన ఈ పరాయి దేశంలో మా సంఘం పాయా లేబర్ అనే పేట దగ్గర ఒక ఫ్యాక్టరీ భవనంలో ఆరో అంతస్తు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటుంది. ఐటీ కుటుంబాలు, నర్సులు, ఊరి చివర తువాస్‌లో కార్మికులుండే డార్మిటరీల నుంచి రెండు బస్సులూ ఒక రైలూ మారి వచ్చే తమ్ముళ్లు, అందరం కలిసి నూట యాభై మందిమి. నెలలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. అదే రసంలో కొంత తువాస్‌లో సాయంత్రం జరిగే డార్మిటరీ కూడికకూ వెళ్తుంది. మా నాన్న కృష్ణా జిల్లాలో ఉపదేశి. పులిసినదేదీ బల్ల మీదికి రాకూడదని ఆయన పట్టు. ఆయన గిన్నెను నేను ఆయన మోకాళ్ల ఎత్తున ఉన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాను. అందుకే కొట్లో దొరికే సీసా రసం బల్లకు పనికిరాదని నా నమ్మకం. ఇది గర్వమని కొందరు ఆడవాళ్లు వెనకాల అన్నారు. అననివ్వండి.

రసం కాచే పద్ధతి నాకు ముందు ఈ సేవ చేసిన పెద్దావిడ నేర్పింది. గింజలున్న నల్ల ద్రాక్ష తెచ్చి, ఉప్పు నీళ్లలో కడిగి, చుక్క నీరు పోయకుండా సన్నని సెగ మీద మగ్గనివ్వాలి. చెక్క గరిటెతో మెదిపి, పలచని గుడ్డలో వడకట్టి, చల్లార్చి సీసాల్లో పోయాలి. ఇది బుధవారం పని. ఆ రాత్రికే గడ్డ కట్టించి, శనివారం ఉదయం బయటపెట్టి కరిగిస్తే, మడ్డి అంతా అడుగుకు దిగి పైన రసం తేటగా నిలుస్తుంది. గడ్డ కట్టకపోతే ఆ తేట రాదు. వంటింటి ఫ్రిజ్ పైఅరలో చేపలు, మాంసం ఉంటాయి. వాటి పక్కన బల్ల రసం పెట్టడానికి నాకు మనసొప్పదు. అందుకని నేనే పోరి ఒక పెట్టె ఫ్రీజర్ కొనిపించాను. మా బిషాన్ ఫ్లాట్‌లో అందరి ఇళ్లలాగే బాంబులు పడితే తలదాచుకోవడానికని కట్టిన, ఇనుప తలుపు ఉన్న షెల్టర్ గది ఒకటుంది, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత. అక్కడ పెట్టించాను. అది ప్రభువు పనికని కొన్నది. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఆయన తువాస్‌లో షిప్‌యార్డులో సేఫ్టీ పని చూస్తారు. సంఘానికి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వస్తారు, వెనక వరుసలో కూర్చుని వాచీ చూసుకుంటారు. మూడేళ్ల క్రితం యార్డులో ఒక స్నేహితుడు ఇంట్లో బీరు కాచుకోవడం నేర్పాడట. ఈ దేశంలో సొంతానికి కాచుకోవడం నేరం కాదని చదివి వినిపించారు. నేరం కానిదల్లా పాపం కాకపోతుందా? మొదటిసారి కాచినప్పుడు నేనేమీ అనలేదు. ఇరవై మూడు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి వంటింటి మూలన పెట్టి, దాని మూతకు నీళ్లు నింపిన చిన్న గొట్టం బిగించారు. లోపల పులుస్తున్న కొద్దీ ఆ గొట్టంలోంచి బుడగలు వస్తాయి. రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే, నేను ఆమెన్ అనేలోగా అది మూడుసార్లు బుడుక్కుమనేది. 

ఈ ఊరి వేడికి అది చెడిపోయి సబ్బు వాసన వచ్చింది. అప్పుడు ఆయన కన్ను నా ఫ్రీజర్ మీద పడింది. టెంపరేచర్ కంట్రోలర్ అని చేతిలో పట్టేంత పెట్టె ఒకటి తెప్పించారు. ఫ్రీజర్ ప్లగ్గును గోడకు కాకుండా ఆ పెట్టెకు పెడతారు. దాని సెన్సర్ వైరును బీరు డబ్బాకు అంటిస్తారు. డబ్బా పద్దెనిమిది డిగ్రీలు దాటితే ఫ్రీజర్‌కు కరెంటు ఇస్తుంది, తగ్గితే ఆపేస్తుంది. అలా గడ్డ కట్టించే ఫ్రీజర్‌ను బీరు పులియబెట్టే అలమరా చేశారు. నేను ఉపవాస ప్రార్థనకు వెళ్లి వచ్చేసరికి నా ఫ్రీజర్‌లో ఆ డబ్బా కూర్చుని ఉంది. మూత తీసి, డబ్బాను నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లి, ఇరవై మూడు లీటర్లూ స్నానాల గదిలో పారబోశాను. 

ఆ సాయంత్రం నుంచి మా మధ్య మాటలు ఆగిపోయాయి. ఇంటికి పెద్దమనిషిలా మా అమ్మాయి ఒప్పందం కుదిర్చింది. ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందు వారం ఫ్రీజర్ నాది. మిగతా రోజులు ఆయనవి. నా వారం మొదలయ్యే ముందు ఆయన డబ్బా తీసేసి, కంట్రోలర్ విప్పి, ఫ్రీజర్‌ను నేరుగా గోడకు పెట్టాలి. నేను ఆయన డబ్బాను ఇక ముట్టుకోకూడదు. మిగతా సంగతులన్నీ ఫ్రిజ్ తలుపు మీద చీటీలే. 'బియ్యం అయిపోయాయి.' 'కరెంటు మనిషి వస్తాడు.' 'శనివారం సీసాలు బయట పెట్టండి.' పక్కపక్కనే పడుకునే ఇద్దరు మనుషులు అలా రెండేళ్లు గడిపారు. 

"మీ ఇద్దరూ ఆహ్, జస్ట్ వాట్సాప్ లా. వేస్టింగ్ పేపర్ ఓన్లీ," అనేది అమ్మాయి, ఇక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో.

చెయ్యి పెట్టనని మాట ఇచ్చాను. ప్రార్థన పెట్టనని ఇవ్వలేదు.

మా సంఘంలో నెలకొకసారి ఉపవాస ప్రార్థన రోజున మా పాస్టరు అయ్యగారు చేతిరుమాళ్ల మీద ప్రార్థన చేసి ఇస్తారు. మూలన ఎర్ర దారంతో చిన్న సిలువ కుట్టి ఉంటుంది. అపొస్తలుల కాలంలో అలాంటి గుడ్డలు రోగుల మీద వేస్తే రోగాలు వదిలిపోయాయని వాక్యంలో ఉంది. జ్వరం వచ్చిన పిల్ల దిండు కింద, ఇంటర్వ్యూకి వెళ్లేవాడి జేబులో, తాగుడు మానలేని భర్త చొక్కాల మడతల్లో మేం వాటిని పెడతాం. నేను ఒకటి తెచ్చి ఫ్రీజర్ దగ్గర పెట్టాలనుకున్నాను. లోపల పెడితే ఆయన చూస్తారు. మూత మీద పెడితే అమ్మాయి నవ్వుతుంది. ఫ్రీజర్ వీపు గోడ వైపు ఉంది, మధ్యలో నాలుగు వేళ్ల సందు. ఆయన చెయ్యి అందులో పట్టదు, నాది పడుతుంది. తడిమి చూస్తే కింది భాగంలో జాలీలాంటిది తగిలింది. రుమాలును మడిచి ఆ జాలీ కన్నాల్లోకి దోపి, ప్రభువా ఈ ఇంట్లో ఈ పులుపును నిలవనివ్వకు అని అడిగాను. మరుసటి నెల ఇంకొకటి. ఆ మరుసటి నెల మరొకటి.

మూడో రుమాలు తర్వాత ఆయన బీరు చెడిపోయింది.

కంట్రోలర్ మీద అంకె పద్దెనిమిది దగ్గర నిలవడం లేదట, అమ్మాయితో అంటుంటే విన్నాను. ఇరవై రెండు, ఇరవై నాలుగు. ఆయన కొత్త కంట్రోలర్ తెచ్చారు, లాభం లేదు. సెన్సర్ వైరు మార్చారు. ఐసు ముక్కలు వేసిన నీళ్ల గ్లాసులో దాన్ని ముంచి సున్నా చూపిస్తోందో లేదో పరీక్ష పెట్టారు. చూపించింది. సెలవు రోజంతా ఆ ఇరుకు గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని, టార్చి పళ్లతో పట్టుకుని, చెమటలు కారుస్తూ లోపలంతా వెతికారు. నేను బయట కూరగాయలు తరుగుతూ చూశాను. నాకు కలిగిన ఆనందాన్ని దాచను. అంత ఆనందం నాకు క్రిస్మస్ ఆరాధనలో కూడా కలగలేదు. ఆ వారం స్త్రీల కూడికలో, గొంతు వణకకుండా మొట్టమొదటిసారి, లేచి సాక్ష్యం చెప్పాను. నా ఇంట్లో శత్రువు పని చెడుతోంది, ప్రార్థన చేసిన గుడ్డకు ఎంత బలముందో చూడండి అన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. ఇంటికి వెళ్లి ఇంకో రెండు దోపాను.

ఆ తర్వాతి నెల నా రసం సరిగా గడ్డ కట్టలేదు. పైన మంచు, మధ్యలో నీళ్లు. ఆయన డబ్బా వేడి ఇంకా వదలలేదేమో అనుకుని విసుక్కున్నాను. ఇంకేమీ అనుకోలేదు. 

ఆ పై నెల వచ్చింది. బుధవారం యథాప్రకారం కాచి, ఆరు సీసాలు ఫ్రీజర్‌లో పెట్టాను. శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాకు హాలులో ఉపవాస ప్రార్థన. సీసాలు బయట పెట్టండి అని చీటీ రాసి వెళ్లాను. వచ్చేసరికి ఆరూ వంటింటి గట్టు మీద వరసగా ఉన్నాయి. రసం అంత తేటగా లేదు. అలసిపోయి ఉన్నాను, అడగడానికి ఇంట్లో మనిషితో మాటల్లేవు. ఆదివారం హాలులో చిన్న గిన్నెల్లోకి పోయడానికి మొదటి సీసా మూత తిప్పితే సన్నగా బుస్సుమంది. నేను విన్నాను. విన్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. రైల్లో వేడికి అయి ఉంటుందనుకున్నాను. పాట మొదలైంది, ట్రేలు వెళ్లాలి, పోసేశాను.

మా సంఘంలో ఒక తమ్ముడున్నాడు. తువాస్‌లో పరంజి కట్టే పని. ఒకప్పుడు జీతమంతా తాగేవాడు. డార్మిటరీ కూడికలో ప్రభువును తెలుసుకుని నాలుగేళ్లుగా చుక్క ముట్టలేదు. బల్ల రోజున ఎప్పుడూ మూడో వరుసలో చివరి కుర్చీ. అతను గిన్నె ఎత్తి పెదవులకు తాకించి, దించి, కుర్చీ కింద నేల మీద పెట్టి, లేచి బయటికి వెళ్లిపోయాడు. లిఫ్టు పక్కన కుళాయి దగ్గర చాలాసేపు నోరు కడుక్కున్నాడని తర్వాత తెలిసింది. మిగతావాళ్లలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, కొందరికి తెలియనే లేదు. ఆరాధన అయ్యాక అతను అయ్యగారితో ఒకే మాట అన్నాడట. 

"అయ్యగారూ, ఆ రుచి నాకు తెలుసండి."

అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన కోప్పడరు, అదే కష్టం. సంఘ పెద్దలు కొట్లో దొరికే సీసా రసమే నయమంటున్నారని చెప్పారు. ఆ మాట వాళ్లు ఎప్పటి నుంచో అనాలని చూస్తున్నారని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. "ఇది ఎలా జరిగిందో వచ్చే ఆదివారంలోగా నాకు చెప్పమ్మా. అప్పటిదాకా గిన్నె నీ దగ్గర వద్దు," అన్నారు. 

తిరిగి వస్తూ రైల్లో నిలబడి నేను నేరస్థుణ్ణి ఎప్పుడో తేల్చేసుకున్నాను. వేరే ఎవరు? ఆ మనిషి నా వారంలో కంట్రోలర్ తీయలేదు. నా రసాన్ని పద్దెనిమిది డిగ్రీల్లో తన యీస్టు పక్కన నాలుగు రోజులు పులియబెట్టాడు. కావాలనే చేశాడు, నేను పారబోసినదానికి పగ. అది రుజువు చేసి అయ్యగారి ముందు పెడితే నా సేవ నాకుంటుంది, ఫ్రీజర్ నాకుంటుంది. ఆ వారమంతా ఆ రుజువు కోసమే బతికాను. ఆయన తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి వెళ్లి చీకటిపడ్డాక వస్తారు కాబట్టి శనివారం దాకా ఆగాను.

శనివారం ఆయన కాఫీ తాగుతుండగా ఎదురుగా నిలబడి, రెండేళ్ల తర్వాత మొదటి మాట అన్నాను. "ఆ గదిలోకి రండి. దాంట్లో ఏం పెట్టారో నా కళ్లతో చూడాలి."

ఆయన కప్పు దించారు. "చీటీ అయిపోయిందా?" అన్నారు.

గదిలోకి వచ్చాక ముందు సొరుగు లాగి చూపించారు. కంట్రోలర్ అందులోనే ఉంది, వైరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి. నా వారం ముందు రోజే విప్పానని, అమ్మాయి చూసిందని అన్నారు. పిలిచి అడిగాను. "యా, ఐ సా. డాడ్ సో కేర్‌ఫుల్ వన్," అంది. నా రుజువు మొదటి మెట్టు మీదే విరిగింది. అయినా వదల్లేదు. మూత రబ్బరు వదులైందేమో అన్నాను. ఆయన వార్తాపత్రిక చించి పేలిక చేసి, మూత కింద పెట్టి మూసి, లాగమన్నారు. నాలుగు వైపులా లాగాను. ఎక్కడా ఊడి రాలేదు. లోపల నీళ్ల గ్లాసులో పెట్టిన థర్మామీటర్ పదిహేడు చూపిస్తోంది. డబ్బా లేదు, కంట్రోలర్ లేదు, గోడకు నేరుగా పెట్టి ఉంది. గడ్డ కట్టాల్సిన ఫ్రీజర్ పదిహేడు. 

"ఇది ఈ వారం సంగతి కాదు," అన్నారాయన. "పోయిన శనివారం నీ సీసాలు తీసినప్పుడే నీళ్లలా ఉన్నాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. "చూశారా? చూసి కూడా ఊరుకున్నారా?"

"బయట పెట్టమని రాశావు, పెట్టాను. ఎలా ఉన్నాయో చెప్పమని రాయలేదు."

నాలుగేళ్లు నిగ్రహించుకున్న ఒక మనిషి నోటికి మందు అందించామని, అది సంఘంలో ప్రభువు పేరు మీద జరిగిందని, దానికి ఆయన రెండు ముక్కలు నోరు విప్పి ఉంటే చాలునని చెప్పాను. ఇంకా చాలా అన్నాను. రెండేళ్లవి అన్నాను. ఆయన వేలెత్తి ఆగమని సైగ చేసి, ఫ్రీజర్ వైపు చెవి పెట్టారు. టిక్కుమంది. లోపల మోటారు గుయ్యిమని మొదలై, పది అంకెలు లెక్కపెట్టేలోగా మళ్లీ టిక్కుమని ఆగిపోయింది. కొంతసేపు నిశ్శబ్దం. మళ్లీ టిక్. కంప్రెసర్ పోయినట్టుందని, కొత్త ఫ్రీజర్ కొనక తప్పదని అన్నారు. 

"పోనివ్వండి. పీడ విరగడైంది," అన్నాను. 

"పోతే నీ రసం ఎక్కడ పెడతావు? నా మీద కోపంతో చేపల పక్కన పెడతావా?"

నేను ఫ్రీజర్ పక్క భాగం మీద, వెనక మూలన అరచెయ్యి వేశాను. ఇస్త్రీ పెట్టె మీద వేసినట్టు చుర్రుమంది. నేను మెషీన్లు చదివినదాన్ని కాదు. కానీ రోజంతా వంటింట్లో ఉండేదాన్ని. లోపలి వేడి బయటికి పోయే దారి లేకపోతే ఏమవుతుందో కుక్కర్ ముందు నిలబడే ఎవరికైనా తెలుసు. "దీని వేడి ఎటు పోతుంది?" అని అడిగాను. "వెనకాల కింద జాలీ ఉంటుంది, అందులోంచి," అన్నారాయన.

ఆ మాట ఆయన పూర్తి చేయకముందే నాకు తెలిసిపోయింది. 

ఫ్రీజర్‌ను ముందుకు జరపబోతుంటే వద్దనాలనిపించింది. కొత్తది కొందాం, ఇది పాతబడింది అందామని నోటిదాకా వచ్చింది. అయ్యగారికి కంప్రెసర్ పోయిందని చెబితే చాలు, అబద్ధం కూడా కాదు. ఇది నా మనసులో ఎంతసేపు ఉందో దేవునికే తెలుసు. అంతలో ఆయన భుజం ఆనించి జరిపేశారు. జాలీ మొత్తం మూసుకుపోయి ఉంది. గుడ్డ, దాని మీద బూజు, దాని మీద దుమ్ము, అన్నీ కలిసి తివాచీ ముక్కలా అట్టకట్టాయి. ఆయన వేళ్లతో పట్టుకుని ఒక్కొక్కటే లాగారు. అయిదు రుమాళ్లు. లోపలి రెండూ వేడికి గోధుమ రంగు తిరిగాయి. దులిపి మూత మీద వరసగా పరిచారు. అయిదింటి మూలల్లోనూ ఎర్ర సిలువ. 

నేను వాటిని ఎప్పుడూ గుడ్డలని అనుకోలేదు. అవి ప్రార్థనలు. ప్రార్థన గాలికి అడ్డొస్తుందని ఎవరనుకుంటారు? 

"ఇవి నీవేనా?" అని అడిగారు. నావేనన్నాను.

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వి ఉంటే బాగుండేది. "ఇన్నాళ్లూ నా బీరు మీద ప్రార్థన చేస్తున్నావనుకున్నా," అన్నారు. "కంప్రెసర్ మీద చేశావా?"

తర్వాత నెమ్మదిగా అన్నారు: రెండు నెలలు ఆ పీట మీద కూర్చుని వెతికాను, నువ్వు బయట కూరగాయలు తరుగుతూ చూశావు. చీటీ మీద ఒక్క మాట రాయలేదు. 

నా దగ్గర జవాబుంది. మీరూ రాయలేదుగా అనొచ్చు. అన్నాను కూడా. అది న్యాయమైన మాటే, కానీ నోట్లోంచి రాగానే దాని రుచి నాకే నచ్చలేదు. ఆయన ప్లగ్గు తీసి మోటారు చల్లారనిచ్చి, గంట తర్వాత మళ్లీ పెట్టారు. గుయ్యిమని మొదలై ఆగకుండా నడిచింది. మధ్యాహ్నానికి లోపలి గోడలకు తెల్లగా మంచు పట్టింది. ఇద్దరం దాన్ని చూశాం.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయంలో లేచాను. గొంతు వణికింది. శత్రువు పని చెడుతోందని నెలల కిందట ఇదే నోటితో చెప్పానని, చెడింది ప్రభువు బల్లేనని, చెడగొట్టింది నా చేతులేనని చెప్పాను. హల్లెలూయ ఎవరూ అనలేదు. సీసా రసమే మేలనేవాళ్లలో ఒకావిడ తల వంచుకుని పాటల పుస్తకం తిరగేసింది. తువాస్ తమ్ముడు ఆ ఆదివారం రాలేదు. అయ్యగారి ఫోన్‌లోంచి అతనితో మాట్లాడాను. తాగలేదట. "భయం వేసిందాంటీ," అన్నాడు. "తాగాలనిపించి కాదు. నోట్లో పడగానే బాగుందనిపించింది, అందుకు." బల్లకు కొన్నాళ్లు దూరంగా ఉంటానన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికపడేదాన్ని.

నా సేవ పోయిందనే అనుకున్నాను. అయ్యగారు వేరే మాట చెప్పారు. జాలీ సంగతి ఒప్పుకున్నావు, అది చాలదు అన్నారు. బల్ల దగ్గరికి వచ్చే ముందు ఎవరితో విరోధముందో వాళ్లతో సమాధానపడి రమ్మని కదా వాక్యం. గిన్నె తీసుకునేవాళ్లకే అది వర్తిస్తే, కాచేదానికి ఇంకెంత? "నీ భర్తను క్షమించమని అడుగు. అడిగిన రోజు నాకు ఫోన్ చెయ్యి. సేవ నీదే. అప్పటిదాకా సీసా రసం కొంటాం."

అది జరిగి ఐదు నెలలైంది. బల్లలు అయిదు గడిచాయి. మూడో వరుస చివరి కుర్చీ ఖాళీగానే ఉంటోంది. ప్రతి బల్లకూ వేరేవాళ్లు పోసిన ఆ తియ్యటి నీళ్లు తాగి కూర్చుంటున్నాను. మేమిద్దరం ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం, బియ్యం గురించి, కరెంటు గురించి. ఆయన డబ్బా ఇప్పుడు సరిగ్గా పద్దెనిమిది దగ్గర నిలుస్తోంది. నాకు అది ఇష్టం లేదు, ఎప్పటికీ ఉండదు. బీరు తప్పని నేను ఇంకా నమ్ముతున్నాను. క్షమించమని అడిగితే ఆ నమ్మకం కూడా వదిలేసినట్టవుతుందేమోనని నా మొండితనం చెబుతోంది. నూట యాభై మంది ముందు నిలబడి చెప్పినదాన్ని, ఒక్క మనిషికి చెప్పలేకపోతున్నాను. ఇదీ నా స్థితి.

ఎల్లుండి మళ్లీ మొదటి ఆదివారం. దీన్ని చదువుతున్న మీరు ఎవరైనా సరే, ఏ సంఘమైనా సరే, ఒక్క నిమిషం పక్కన పెట్టి నాతో కలిసి ఇలా అడగండి: ప్రభువా, ఆ తమ్ముణ్ణి పడిపోనివ్వకు, అతణ్ణి నీ బల్ల దగ్గరికి భయం లేకుండా మళ్లీ రప్పించు. ఈ స్త్రీ నోరు తెరిపించు. తన మాట నెగ్గాలని అడగకుండా, తన భర్త మేలు కోరి అడిగే ప్రార్థన ఒక్కటైనా ఆమెకు నేర్పించు. ఆమెన్ అనండి. నేనూ అంటాను.